ర్యాంకు తర్వాత ముప్పై ఐదేళ్ళు

సివిల్స్ ఫలితాలు వచ్చిన మర్నాడు పేపర్ నిండా ఫోటోలే. ర్యాంకరు, పక్కన అమ్మానాన్న, నోట్లో స్వీటు. రోజుకు ఎన్ని గంటలు చదివారు, ఏ కోచింగు, ఇంటర్వ్యూలో ఏం అడిగారు, అన్నీ రాస్తారు. పిల్లలు కష్టపడ్డారు, ఆ సంబరం వాళ్ళకు దక్కాల్సిందే. కానీ అదే మనిషి ముప్పై ఐదేళ్ళ తర్వాత రిటైరయిన రోజున, ఇన్నేళ్ళ సర్వీసులో ఎవరికి ఏం చేశారండీ అని అడిగే పేపరు నాకు కనపడలేదు.

మా బాబాయి కొడుకు హైదరాబాద్ అశోక్ నగర్‌లో రూమ్ తీసుకుని సివిల్స్‌కు చదువుతున్నాడు. మొన్న ఫోన్ చేసి, "అన్నా, ఎథిక్స్ పేపర్‌కి ఉదాహరణలు కావాలి, ఎవరి గురించి రాస్తే బాగుంటుంది" అన్నాడు. ఎస్.ఆర్. శంకరన్ గారి పేరు చెప్పాను. "ఆయనా, ప్రజల ఐఏఎస్ అంటారు, పెళ్ళి చేసుకోలేదు, పద్మభూషణ్ వద్దన్నారు, అంతే కదా" అన్నాడు. వాడి నోట్సులో ఆ మూడు ముక్కలే ఉన్నాయట.

ఆ మూడూ నిజమే. 2005లో పద్మభూషణ్ ప్రకటిస్తే ఆయన తీసుకోలేదు. జీవితాంతం ఒంటరిగా, చాలా తక్కువ సామానుతో బతికారు. జీతంలోంచి, తర్వాత పెన్షన్‌లోంచి దళిత విద్యార్థుల చదువులకు ఇచ్చేవారు. కానీ మనం ఆయన్ని ఇలా సాధువును చేసి గోడకు తగిలించేస్తే ఇక ఆయన నుంచి నేర్చుకోవాల్సిన పని ఉండదు, ఆయన మహానుభావుడు, మనవల్ల కాదు అని చేతులు దులిపేసుకోవచ్చు. నా బాధ అక్కడే. ఆయనలో పట్టుకోవాల్సింది ఆయన పని పద్ధతి. చట్టంలోనో బడ్జెట్‌లోనో పేదవాడి పేరున ఒక్క లైను ఉంటే, ఆ లైను ఆ పేదవాడి గుమ్మం దాకా వెళ్ళేవరకు వదిలిపెట్టకపోవడం. అది మొక్కవోని పట్టుదలతో చేసే ఆఫీసు పని. నేర్చుకోవచ్చు, నేర్పొచ్చు.

ఆయన 1934లో తమిళనాడులో పుట్టారు. 1957 బ్యాచ్ ఐఏఎస్, ఆంధ్రప్రదేశ్ కేడర్. నెల్లూరు కలెక్టరుగా చేశారు. ఢిల్లీలో కేంద్ర ఉక్కు, గనుల మంత్రి మోహన్ కుమారమంగళం దగ్గర స్పెషల్ అసిస్టెంటుగా ఉన్నారు, బొగ్గు గనుల జాతీయీకరణ జరిగిన రోజులవి. ఇవన్నీ గొప్ప పోస్టులే. నేను చెప్పదలచుకున్నది మాత్రం ఆయన సోషల్ వెల్ఫేర్ శాఖలో ఉన్న కాలం గురించి. ఆ శాఖను అప్పుడూ ఇప్పుడూ చాలామంది అధికారులు ఏదో తప్పు చేసినందుకు వేసిన శిక్ష అనుకుంటారు. ఆయన దాన్ని కోరి చేసే పోస్టు చేసుకున్నారు.

మా తాత ఊళ్ళో ఒక ఆసామి దగ్గర జీతం ఉండేవాడు, అంటే అప్పుకు కట్టుబడి పనిచేసే పాలేరు. చెల్లెలి పెళ్ళికి అప్పు తెచ్చి, ఆ అప్పు కింద పనికి కుదిరాడు. ఏడాదికి ఇన్ని జొన్నలు, ఒక గొంగడి, ఒక జత చెప్పులు. తెల్లారకముందే పశువుల కొట్టంలో ఉండాలి, రాత్రి మోటకాడ నీళ్ళు పారే వంతు వస్తే అక్కడే పడుకోవాలి. అప్పు మాత్రం తరిగేది కాదు. జ్వరం వచ్చి పనికి పోని రోజులు కూడా అప్పులో కలిసేవి. కాగితం ఆసామి ఇంట్లో ఉండేది, కింద వేలిముద్ర మా తాతది, పైన ఏం రాశారో మా తాతకు తెలియదు. తాత జీతం నుంచి పోతే నాన్న పోవాలి, అది అందరికీ తెలిసిన లెక్క, ఎవరూ పైకి అనాల్సిన పని కూడా లేదు.

1975 అక్టోబరులో ఆర్డినెన్సుగా వచ్చి 1976లో చట్టమైంది, వెట్టి చాకిరి నిర్మూలన చట్టం. చిన్న చట్టం, ఓ పూట కూర్చుంటే మొత్తం చదివేయొచ్చు. దేశంలో ఏ ప్రాంతంలో ఏ పేరుతో ఈ వెట్టి నడుస్తోందో 2వ సెక్షన్‌లో ఒక జాబితా ఉంటుంది. భాగేలా ఉంది, జీత ఉంది, పాలేరు ఉంది, వెట్టి ఉంది. అంటే పార్లమెంటుకు మా తాత సంగతి తెలుసు. కానీ మా తాతకు పార్లమెంటు సంగతి తెలియదు, చెప్పేవాళ్ళు లేరు.

ఆ చట్టంలో అన్నిటికన్నా బలమైనది నా దృష్టిలో 15వ సెక్షన్. పనివాడు 'ఇది వెట్టి అప్పు' అంటే, కాదని రుజువు చేసుకోవాల్సిన భారం అప్పిచ్చినవాడిదే. ఒక్కసారి ఆలోచించండి, ఇది తిరగేసి ఉంటే ఏమయ్యేదో. వేలిముద్రగాడు, కాగితం చూడని మనిషి, కోర్టులో నిలబడి తనది వెట్టి అని ఏం పెట్టి రుజువు చేస్తాడు? ఇక అప్పు రద్దు, తాకట్టు పెట్టిన ఇల్లో పొలమో ఉంటే తిరిగి ఇవ్వాలి, వెట్టి చేయించినవాడికి మూడేళ్ళ దాకా జైలు, రెండు వేల దాకా జరిమానా. అమలు బాధ్యత కలెక్టరుది, జిల్లాకూ డివిజనుకూ విజిలెన్స్ కమిటీలు వేయాలి. అన్నీ ఉన్నాయి. అన్నీ ఉండి కూడా దేశంలో చాలా జిల్లాల నుంచి 'మా జిల్లాలో వెట్టి లేదు' అని ఒక లైను రిపోర్టు వెళ్ళేది. ఫైలు మూసేయడానికి అది చాలు.

శంకరన్ గారు ఆ లైనును నమ్మలేదు. ఊళ్ళు తిరిగారు. సెక్రటరీ స్థాయి మనిషి మాలపల్లెకూ మాదిగవాడకూ వెళ్ళి కూర్చుని, జీతాలున్నవాళ్ళతో నేరుగా మాట్లాడి, మీ అప్పు చట్టం ప్రకారం చెల్లిపోయింది, మీరు రేపటి నుంచి పోనక్కర్లేదు అని చెప్పడం అనేది ఆ రోజుల్లో ఎంత పెద్ద విషయమో ఇప్పుడు ఊహించడం కష్టం. ఎందుకంటే సెక్రటరీయే వచ్చి అలా చెప్పాక తహసీల్దారు ఆసామి అరుగు మీద టీ తాగి వెట్టి లేదని రాసి పంపలేడు. కింది ఉద్యోగిలో భయమో ధైర్యమో ఏదో ఒకటి వస్తుంది, ఏది వచ్చినా పని జరుగుతుంది. రాష్ట్రంలో వేల మంది అలా బయటపడ్డారు. మా తాత వాళ్ళలో ఒకడు. చావిడి దగ్గర అందరి ముందు తహసీల్దారు పేరు పిలిచి కాగితం ఇస్తే, తీసుకోవడానికి చెయ్యి చాపాలంటే భయమేసింది అనేవాడు, ఎందుకంటే ఆసామి కూడా అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాడట.

విడిపించడంతో అయిపోదు, అది కూడా చెప్పాలి. విడుదలైన మర్నాడు ఊళ్ళో ఎవరూ పని ఇవ్వరు, కొట్టువాడు అరువు ఇవ్వడు, నెల తిరక్కుండా మళ్ళీ అదే ఇంటికి వెళ్ళి నిలబడాల్సి వస్తుంది. 1978లో కేంద్రం పునరావాస పథకం పెట్టి మనిషికి నాలుగు వేలు ఇచ్చింది. 1986లో 6,250, 1995లో పది వేలు, 2000లో ఇరవై వేలు చేశారు. 2016 నుంచి మగవాళ్ళకు లక్ష, ఆడవాళ్ళకూ పిల్లలకూ రెండు లక్షలు, మరీ ఘోరమైన కేసుల్లో మూడు లక్షలు. మా తాతకు గేదెనిచ్చారు. అది రెండో ఏడు చచ్చిపోయింది. కానీ అది పాలిచ్చిన కాలంలోనే మా నాన్న హాస్టల్లో చేరాడు, జీతం పోలేదు.

ఇలాంటి పని చేస్తే పైవాళ్ళకు నచ్చుతుందా? నచ్చలేదు. ఊళ్ళలో లేనిపోని గొడవలు పెడుతున్నాడని ఫిర్యాదులు వెళ్ళాయి, అవి చేసినవాళ్ళు మామూలువాళ్ళు కారు, ఓట్లు వేయించేవాళ్ళు. చివరికి ఆయన రాష్ట్రం వదిలి త్రిపుర వెళ్ళారు, చీఫ్ సెక్రటరీగా. అక్కడ ముఖ్యమంత్రి నృపేన్ చక్రవర్తి, ఆయనా బ్రహ్మచారే, ఆయనదీ ఒక పెట్టె సామానే. తర్వాత మళ్ళీ ఆంధ్రప్రదేశ్ వచ్చి మళ్ళీ అదే సోషల్ వెల్ఫేర్. బదిలీ చేస్తే కెరీర్ పోయిందని దిగులుపడేవాళ్ళు ఈ భాగం రెండుసార్లు చదవాలి. ఆయన వెళ్ళిన చోట పని వెతుక్కున్నారు, తిరిగి వచ్చాక వదిలిన చోట మొదలుపెట్టారు.

బడ్జెట్ సంగతి కూడా చెప్పాలి, వినడానికి పొడిగా ఉంటుంది కానీ అసలు బలం అక్కడే ఉంది. ప్రణాళిక డబ్బులో ఎస్సీలకు వాళ్ళ జనాభా ఎంత శాతమో అంత విడిగా కేటాయించి, అది వేరే దేనికీ మళ్ళించకూడదు అనే ఆలోచనే స్పెషల్ కాంపొనెంట్ ప్లాన్. 1970ల చివర్లో మొదలైంది, దాన్ని నిలబెట్టినవాళ్ళలో శంకరన్ గారిది పెద్ద చెయ్యి. అప్పటిదాకా జరిగేది ఏంటంటే, ఊరికి రోడ్డు వేసి, ఆ ఊళ్ళో ఎస్సీలు కూడా నడుస్తారు కదా అని ఆ ఖర్చులో కొంత వాళ్ళ లెక్కలో రాసేవారు. కేటాయింపు మొదలయ్యాక కూడా ఈ మళ్ళింపులు ఆగలేదు. అందుకే చట్టం కావాలని ఏళ్ళ తరబడి దళిత సంఘాలు కొట్లాడితే, 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ సబ్ ప్లాన్ చట్టం వచ్చింది. ఎస్సీలకు 16.2 శాతం, ఎస్టీలకు 6.6 శాతం అన్న లెక్క అక్కడిదే. అప్పటికి శంకరన్ గారు లేరు, 2010 అక్టోబరులో హైదరాబాద్‌లో కన్నుమూశారు. తర్వాత తెలంగాణ 2017లో దాన్ని ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టంగా మార్చుకుంది. మళ్ళింపుల గురించి గొడవ రెండు రాష్ట్రాల్లోనూ ప్రతి బడ్జెట్‌కీ వినపడుతూనే ఉంది.

హాస్టళ్ళ సంగతి నాకు పుస్తకాల్లోంచి తెలిసింది కాదు. నేను గురుకులంలో చదివాను. ట్రంకు పెట్టె, దుప్పటి, పళ్ళెం, గ్లాసు. పెట్టెకు తాళం, తాళంచెవి మొలతాడుకు. నెలకు కాస్మెటిక్ ఛార్జీలని సబ్బుకూ నూనెకూ కొద్దిగా డబ్బులిచ్చేవాళ్ళు, అవి ఆలస్యమైతే బట్టల సబ్బుతోనే స్నానం. సాయంత్రం స్టడీ అవర్‌లో ట్యూబ్‌లైటు కింద పురుగులు రాలుతుంటే పుస్తకం దులుపుకుంటూ చదివేవాళ్ళం. అన్నం విషయంలో గొడవలు ఉండేవి, సాంబారు నీళ్ళలా ఉందని ఒకసారి అందరం పళ్ళేలు పట్టుకుని బయట కూర్చుంటే వార్డెన్ ఇంటి నుంచి పరిగెత్తుకొచ్చాడు. ఇవన్నీ ఉన్నా, ఇంటి దగ్గర ఉంటే నేను చదివేవాణ్ణి కాదు, ఆ మాట ఖచ్చితంగా చెప్పగలను. పత్తి తీసే రోజుల్లో మా ఊరి బడి సగం ఖాళీ అయ్యేది.

1980లలో ఈ సాంఘిక సంక్షేమ గురుకులాలు రూపు దిద్దుకున్నప్పుడు వెనకున్న అధికారుల్లో శంకరన్ గారు ముఖ్యులు. హాస్టలంటే అప్పటిదాకా అన్నం పెట్టి పడుకోబెట్టే చోటు, బడి వేరే ఎక్కడో. గురుకులంలో బడీ అన్నమూ ఒకే గేటు లోపల. ఇది చాలా మామూలు మార్పులా కనిపిస్తుంది కానీ మాలాంటి వాళ్ళకు అదే అన్నీ. 2014 మే 25న పదమూడేళ్ళ మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది, నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల, తాడ్వాయి గురుకులంలో చదువుతున్న పిల్ల, అమ్మానాన్న కూలి పనికి వెళ్ళేవాళ్ళు. తనతో పాటు ఎక్కిన ఆనంద్ కుమార్ కూడా గురుకులం పిల్లాడే. ఆ రోజు టీవీ ముందు నేను ఏడ్చేశాను.

1987 డిసెంబరులో ఇంకొకటి జరిగింది. తూర్పు గోదావరి ఏజెన్సీలో పర్యటిస్తున్న అధికారులను గుర్తేడు దగ్గర పీపుల్స్ వార్ వాళ్ళు పట్టుకున్నారు. వాళ్ళలో శంకరన్ గారు ఉన్నారు. జైల్లో ఉన్న కొందరు నక్సలైట్లను ప్రభుత్వం విడిచిపెట్టాక వీళ్ళను వదిలారు. తుపాకుల మధ్య కూర్చుని వచ్చిన మనిషి తర్వాత ఏం చేయాలి? 1992లో కేంద్రంలో గ్రామీణాభివృద్ధి శాఖ కార్యదర్శిగా రిటైరయ్యారు, తిరిగి హైదరాబాద్ వచ్చారు, 1997లో పౌర స్పందన వేదికకు కన్వీనరయ్యారు. కె.జి. కన్నబిరాన్, పొత్తూరి వెంకటేశ్వరరావు, హరగోపాల్ గారి లాంటి వాళ్ళతో కలిసి అటు ఎన్‌కౌంటర్లు ఆపమని ప్రభుత్వానికి, ఇటు హత్యలు ఆపమని నక్సలైట్లకు, ఇద్దరికీ ఒకే నోటితో చెప్తూ ఊళ్ళు తిరిగారు. ఇద్దరికీ అనుమానమే వీళ్ళంటే. 2004 అక్టోబరులో హైదరాబాద్‌లో చర్చలు జరిగాయంటే ఆ ఏళ్ళ తిరుగుడే కారణం. చర్చలు నిలవలేదు, 2005 మొదట్లోనే మళ్ళీ తుపాకులు పేలాయి. దాన్ని ఆయన ఓటమి అనేవాళ్ళున్నారు. నేను అనను. ఆ కొద్ది నెలలు పల్లెల్లో రాత్రిపూట తలుపు చప్పుడైతే ఉలిక్కిపడకుండా పడుకున్నవాళ్ళను అడగండి.

రిటైరయ్యాక చేసిన రెండో పని సఫాయి కర్మచారి ఆందోళన్, చేతులతో మలం ఎత్తే పని పోవాలని కొట్లాడే సంఘం. ఇక్కడ బెజవాడ విల్సన్ గారి గురించి చెప్పాలి, ఎందుకంటే ఆయనది పూర్తిగా వేరే దారి, ఆ పక్క నుంచి వచ్చి ఈ పక్క మనిషిని కలిసిన దారి. విల్సన్ గారు 1966లో కోలార్ బంగారు గనుల దగ్గర పుట్టారు. ఇంట్లోవాళ్ళు మలం ఎత్తే పని చేసినవాళ్ళు. గనుల కాలనీలో డ్రై లెట్రిన్లు, అంటే నీళ్ళతో కొట్టుకుపోని దొడ్లు ఉండేవి, వాటిని చేతులతో, రేకు ముక్కతో, బకెట్టుతో ఎత్తేవాళ్ళు. ఆయన ఫోటోలు తీశారు, పత్రికలకిచ్చారు, ప్రభుత్వానికి ఉత్తరాలు రాశారు, చివరికి యాజమాన్యం ఆ దొడ్లు మార్చక తప్పలేదు. 1990లలో శంకరన్ గారు, దళిత ఉద్యమకారుడు పాల్ దివాకర్ గారు, విల్సన్ గారు కలిసి ఆందోళన్ పెట్టారు. ఒకరు ఫైలు లోపలి దారులన్నీ తెలిసిన రిటైర్డ్ కార్యదర్శి, ఇంకొకరు ఆ వాసనలో పెరిగిన కుర్రాడు. ఇలాంటి జోడీ ఎక్కువ చోట్ల కుదరదు. ఒకరికి ప్రభుత్వం ఎక్కడ అబద్ధం రాస్తుందో తెలుసు, ఇంకొకరికి నిజం ఏ సందులో ఉందో తెలుసు.

1993లో ఈ పనిని నిషేధిస్తూ చట్టం వచ్చింది. అమల్లోకి వచ్చింది 1997 జనవరి 26న, అదీ ఒప్పుకున్న కొన్ని రాష్ట్రాల్లోనే, వాటిలో ఆంధ్రప్రదేశ్, త్రిపుర ఉన్నాయి. మిగతా రాష్ట్రాలు మా దగ్గర ఆ పనే లేదన్నాయి. మళ్ళీ అదే లైను! వెట్టి లేదు అన్నట్టే ఇదీ. 2003లో ఆందోళన్ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. రాష్ట్రాలు లేదని అఫిడవిట్ వేస్తే, వీళ్ళు సర్వే చేసి, ఫోటోలు తీసి కోర్టు ముందు పెట్టడం, మళ్ళీ వాయిదా, మళ్ళీ సర్వే. పదకొండేళ్ళు పట్టింది. ఈలోగా 2013లో కొత్త చట్టం వచ్చింది. 2014 మార్చి 27న తీర్పు వచ్చింది: 1993 నుంచి మ్యాన్‌హోళ్ళలో, సెప్టిక్ ట్యాంకుల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికి పది లక్షలు. 2023 అక్టోబరులో ఇంకో కేసులో దాన్ని ముప్పై లక్షలు చేసింది కోర్టు. 2016లో విల్సన్ గారికి రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఆయన, కార్మికులు దిబ్రూగఢ్ నుంచి మొదలుపెట్టిన 125 రోజుల భీమ్ యాత్ర ఢిల్లీలో ముగిసింది. వాళ్ళ కోరిక మమ్మల్ని చంపొద్దు అన్నదే.

నెల్లూరులో పుట్టిన శాంతా సిన్హా గారు ఇంకో దారి. సెంట్రల్ యూనివర్సిటీలో ప్రొఫెసరుగా ఉంటూ, తాతగారు మామిడిపూడి వెంకటరంగయ్య పేరు మీద 1981లో పెట్టిన ఫౌండేషన్‌తో రంగారెడ్డి జిల్లాలో మొదట వెట్టి కార్మికులతోనే పనిచేశారు, తర్వాత పిల్లల వైపు వచ్చారు. బడిలో లేని ప్రతి పిల్లా పిల్లవాడూ బాలకార్మికులే అని పట్టుబట్టారు. బ్రిడ్జి కోర్సు క్యాంపులు పెట్టి పనిలోంచి తెచ్చిన పిల్లల్ని వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టారు. 2003లో మెగసెసే, 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు మొదటి అధ్యక్షురాలు. ఆవిడ గురించి ఇంత కొద్దిగా రాసి వదిలేయడం సరికాదు, విడిగా రాస్తాను.

మా తమ్ముడికి ఫోన్‌లో ఇవన్నీ చెప్తే, "అన్నా, ఇదంతా నూట యాభై పదాల్లో ఎలా పడుతుంది" అన్నాడు. పట్టకపోతే పట్టకపోనీ, రేపు ఉద్యోగం వచ్చాక పనికొస్తుంది. ఒరేయ్, నువ్వు సబ్ కలెక్టరువి అయిన రోజు నీ టేబుల్ మీదకు విజిలెన్స్ కమిటీ రిపోర్టు వస్తుంది, అందులో 'వెట్టి లేదు' అని ఉంటుంది, సంతకం పెట్టేముందు ఇటుకబట్టీల వైపు ఒకసారి బండి తిప్పు అన్నాను. ఒడిశా నుంచి వచ్చినవాళ్ళు అడ్వాన్సు తీసుకుని సీజనంతా ఉంటారు, మధ్యలో వెళ్ళనివ్వరు, పిల్లలు కూడా ఇటుకలు తిప్పుతుంటారు. అప్పు పేరు మారింది, 15వ సెక్షన్ మాత్రం అక్కడే ఉంది.

ఇంకొక్క విషయం. డెబ్బైలలో శంకరన్ గారి కింద పనిచేసిన తహసీల్దార్లు, సోషల్ వెల్ఫేర్ ఆఫీసర్లు ఇప్పుడు ఎనభై దాటి ఉంటారు. ఏ ఊళ్ళో ఎవరిని ఎలా విడిపించారో, ఏ ఎమ్మెల్యే ఫోన్ చేస్తే ఏం చెప్పారో వాళ్ళ దగ్గరే ఉంది, ఫైళ్ళలో లేదు. మీ ఇంట్లో అలాంటి పెద్దవాళ్ళుంటే ఈ ఆదివారం పక్కన కూర్చుని ఫోన్‌లో రికార్డు చేయండి. ఊరి పేరు, సంవత్సరం, ఎంత అప్పు, విడిపించాక ఆ మనిషి ఏమయ్యాడు, ఇవి అడగండి చాలు.